కొబ్బరిచిప్పలో బాలింత

మా అమ్మ నాటి పియానోను నా మొగుడు లైల్ గ్యారేజీలోకి తోసిన రోజున చాలా మర్యాదగా మాట్లాడాడు. లైల్ మర్యాదగా మాట్లాడుతున్నాడంటే ఇంట్లో నాదేదో ఒకటి పోబోతోందని ఇన్నేళ్ళ కాపురంలో నేర్చుకున్నాను. పడవ కొన్నప్పుడు నా కుట్టుమిషను గది పోయింది. ఈసారి వంతు భోజనాల గదిలో లోపలి గోడకి వచ్చింది. ఆ గోడకి ఆనుకునే మా అమ్మ పియానో ఉండేది.

"చేపల తొట్టి బరువుకి ఆ గోడ దగ్గరే నేల ఆగుతుంది మార్లిస్. నీళ్ళంటే మాటలా, ఎంత బరువని," అన్నాడు. "కిటికీ పక్కన పెడితే చలి కొడుతుంది. బేస్‌మెంట్‌లో పెడితే ఎవరు చూస్తారు?"

"ఎవరు చూడాలేంటి?"

"అదే... సంఘం వాళ్ళు."

సంఘమంటే మా ఊరి చేపల సంఘం. నెలకోసారి లూథరన్ చర్చి బేస్‌మెంట్‌లో కూడి, నీళ్ళలాంటి కాఫీ తాగుతూ నీళ్ళ గురించే మాట్లాడుకుంటారు. లైల్ దానికి ప్రెసిడెంటు. ఉపన్యాసాలివ్వడంలో అతన్ని మించినవాడు లేడు. చేపలతో పిల్లల్ని పెట్టించడంలో మాత్రం ఇన్నేళ్ళకీ గప్పీలు దాటలేదు. గప్పీలు మనం వద్దని బతిమాలినా పిల్లల్ని పెడతాయి. సంఘంలో గొప్పవాడనిపించుకోవాలంటే పొట్టి సిక్లిడ్‌లను పెంచి పిల్లల్ని చూపించాలి. అవి వేలెడంత చేపలు, మహారాజుల నఖరాలు. ఫిబ్రవరిలో సంఘమంతా ఇంటింటికీ వెళ్ళి తొట్లు చూసొస్తుంది. గేలెన్ అని ఒకాయన టార్చిలైటు పట్టుకుని నేలమీద బోర్లా పడుకుని, పిల్లలున్నాయని తన కళ్ళతో చూస్తేనే లెక్క.

"వసంతం దాకా గ్యారేజీలో ఉంటే పియానోకేం కాదు," అన్నాడు లైల్. "దుప్పటి కప్పుదాం."

మా అమ్మ ఆ పియానో మీద సగం ఊరి పిల్లలకి పాఠాలు చెప్పింది. రోజూ సాయంత్రం గిన్నెలు కడిగాక నేను కాసేపు వాయించుకుంటాను. నాకున్న విలాసం అదొక్కటే. అయినా తలూపాను. మా మిన్నెసోటాలో ఎవరైనా ఏదైనా మర్యాదగా అడిగితే, కడుపులో ఎంత మండుతున్నా తలూపడం మాకు ఉగ్గుపాలతో వచ్చిన జబ్బు.

ఇక తొట్టి అమర్చడం చూడాలి, ఆడపిల్ల పెళ్ళి చేసినా అంత హడావుడి ఉండదు. ముందు ఇసుక. దాన్ని కడిగి కడిగి మా బాత్‌టబ్ అడుగు గీకిపెట్టాడు. తర్వాత ఏటి ఒడ్డున దొరికిన మోడొకటి తెచ్చి, థాంక్స్‌గివింగ్‌కి నేను టర్కీ వండే పెద్ద గిన్నెలో రెండ్రోజులు ఉడకబెట్టాడు. ఆ తర్వాత ఓక్ ఆకులు. ఎండిన ఆకులు అడుగున పరిస్తే నీళ్ళు టీ డికాక్షన్‌లా అవుతాయట, ఆ రంగు నీళ్ళలో చేపలకి పుట్టిల్లు గుర్తొస్తుందట. పక్కింటివాళ్ళు ఊడ్చి పోసిన కుప్పలు కూడా సంచులకెత్తుకొచ్చి గ్యారేజీలో పెట్టాడు. ఎక్కడ పెట్టాడంటే పియానో మీద, పిట్టలకి వేసే గింజల బస్తా పక్కన.

"అది బల్ల కాదు లైల్."

"తేలికేలే, ఆకులే కదా."

మోడుకి దారంతో నాచు కట్టాడు, చంటిపిల్లకి జడ వేసినట్టు నాలుక బయటపెట్టి మరీ. వెనక పొడుగాకుల మొక్కలు, ముందు పొట్టివి, పైన తేలేవి. చివరికి సగానికి కోసిన కొబ్బరిచిప్ప ఒకటి తెచ్చి, అంచున చిన్న గుమ్మం తొలిచి, ఇసుకలో బోర్లించాడు.

"ఇది పురిటిగది," అన్నాడు. "ఆడది లోపల కప్పుకి గుడ్లు అంటిస్తుంది. మగవాణ్ణి గడప తొక్కనివ్వదు."

"తెలివైనదే," అన్నాను.

చేపలు సంఘం వేలంపాటలో దొరికాయి. సంచి మీద 'జంట' అని రాసి ఉంది, అంతకన్నా సాక్ష్యం లైల్‌కి అక్కర్లేదు. కోటు లోపల గుండెకి ఆనించుకుని ఇంటికి తెచ్చాడు. నన్నట్లా ఏనాడూ తేలేదు. ఒకటి కాస్త పెద్దది, ఒంటి మీద నీలం మెరుపు, వీపు మీద నిక్కిన జుట్టులా రెక్క, తోకలో నిప్పుకణికల్లాంటి మచ్చలు. దానికి 'దొర' అని పేరు పెట్టాడు. రెండోది చిన్నది, వెలిసిన పసుపు రంగు, పక్కన ఒక నల్ల చార. అది 'దొరసాని'. పసుపు రంగు తిరిగితే పురుడు దగ్గరపడినట్టేనని చెప్పి లైల్ అప్పుడే చేతులు రుద్దుకోవడం మొదలుపెట్టాడు.

దొరసాని వచ్చిన రోజు నుంచీ కొబ్బరిచిప్ప వదల్లేదు. ఎప్పుడైనా ముక్కు బయట పెడితే దొర తరిమి తరిమి కొట్టేవాడు.

"సరసం," అన్నాడు లైల్.

నా కంటికి అది తన్నులాటే. కానీ నేను ప్రెసిడెంటుని కాను.

నవంబరు మీటింగులో లైల్ 'అన్యోన్య దాంపత్యానికి అనువైన తొట్టి' అని ఉపన్యాసం ఇచ్చాడు. ఇల్లు సవ్యంగా ఉంటే ఆడది అలగదని, అలిగిందంటే తప్పు ఇంటిదేనని చెప్పుకొచ్చాడు. వెనక కాఫీ పోస్తున్న నాకు కాలింది. పియానో చలికి గ్యారేజీలో వణుకుతుంటే ఈయన దాంపత్యం గురించి చెబుతున్నాడు.

"లైల్, ఫిబ్రవరికి పిల్లలు లేకపోతేనో?" అన్నాను, అందరికీ వినపడేటట్టు.

అందరూ కప్పుల్లోకి చూసుకున్నారు. మా ఊళ్ళో మొగుడూ పెళ్ళాలు నలుగురిలో ఇలా మాట్లాడుకోరు.

"లేకపోవడమేంటి," అని నవ్వాడు లైల్.

"లేకపోతే తొట్టి బేస్‌మెంట్‌కి, పియానో ఇంట్లోకి. గేలెన్ చూసి చెప్పిందే ఖాయం. సరేనా?"

నలుగురి ముందూ కాదనలేడు. "సరే," అన్నాడు. గేలెన్ మాత్రం తనని కోర్టుకి పిలిచినట్టు ముఖం పెట్టాడు. పాపం, అతను పుట్టి బుద్ధెరిగాక ఎవరికీ చేదు మాట చెప్పినవాడు కాదు.

ఆ వారమే ఆర్డిస్ కాఫీకి వచ్చింది. హైస్కూలు ప్రిన్సిపాలుగా చేసి రిటైరైంది, పొట్టి సిక్లిడ్‌లను సంఘంలో అందరికన్నా ముందు పెంచిన మనిషి. లైల్ ఇంట్లో లేడు. ఆమె కళ్ళద్దాలు నుదుటి మీదకి తోసుకుని తొట్టి ముందు చాలాసేపు నిలబడింది.

"కొత్తగా ఉంది," అంది చివరికి.

మా ఊళ్ళో ఇల్లు తగలబడినా, పెళ్ళికూతురు ఆకుపచ్చ గౌను వేసుకొచ్చినా, విందుకి వండిన హాట్‌డిష్‌లో ఉప్పు రెండుసార్లు పడినా అనే మాట అదే. అంతకన్నా పెద్ద తిట్టు మా దగ్గర లేదు.

"ఏం కొత్త, ఆర్డిస్ గారూ?"

ఆమె కాఫీతో నేను పెట్టిన తీపి బార్ ముక్క ఒకటి తీసుకుని, నిదానంగా కొరికి, కిటికీలోంచి బయటికి చూసింది.

"నా దగ్గరా ఇలాంటి జంటే ఉండేదమ్మాయ్. రెండేళ్ళు ఎదురుచూశా. పెద్దది చచ్చిపోయాక, చిన్నదానికి జుట్టొచ్చింది, తోకలో మచ్చలొచ్చాయి."

"అంటే?"

"పెద్ద మగాడున్న ఇంట్లో చిన్న మగాడు మరి ఎలా బతుకుతాడు? ఆడవేషం కట్టుకుని మూల కూర్చుంటాడు. తన్నులు కొంచెం తగ్గుతాయి." కాఫీ ఒక గుక్క తాగింది. "నేను చెప్పానని లైల్‌తో అనకు. బాధపడతాడు."

ఆమె వెళ్ళాక తొట్టి ముందు కుర్చీ వేసుకుని పొట్ట పట్టుకుని నవ్వాను. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, నా మొగుడు ఇద్దరు మగాళ్ళకి పురిటిగది కట్టి, నవంబరులోనే పిల్లలకి తిండి సిద్ధం చేస్తున్నాడు. వంటింట్లో సోడా సీసాలో ఉప్పునీళ్ళు పోసి, గాలి బుడగలు వదిలి, కంటికానని రొయ్యపిల్లల్ని పొదిగిస్తున్నాడు, చేపపిల్లలు పుట్టగానే పెట్టడానికి.

నేను లైల్‌తో ఒక్క మాట అనలేదు. అంటే పరుగెత్తుకెళ్ళి అసలైన ఆడదాన్ని తెస్తాడు. నోరు మూసుకుంటే ఫిబ్రవరిలో పియానో లోపలికొస్తుంది.

డిసెంబరులో అతనికి నీళ్ళ మీద అనుమానం పుట్టింది. మా కుళాయి నీళ్ళలో సున్నం జాస్తి, కెటిలు నోరు ఎప్పుడూ తెల్లగా పొక్కి ఉంటుంది. దొరసానికి మెత్తటి నీళ్ళు కావాలన్నాడు. రోజూ పెరట్లోంచి మంచు ఎత్తుకొచ్చి వంటింట్లో కరిగించేవాడు. కుక్కరు, పాలగిన్నె, కేకు పళ్ళెం, దేన్లో చూసినా మంచే. పొయ్యి మీద కూరకి చోటు లేక మేం రొట్టె, చీజు తిని పడుకున్న రోజులున్నాయి.

అప్పటికీ ఫలితం లేకపోయేసరికి తప్పు దొర మీద పడింది.

"వీడు మరీ వేధిస్తున్నాడు మార్లిస్. ఆడదాన్ని ఊపిరి తీసుకోనివ్వాలి కదా," అని జనవరిలో దొరను వల వేసి పట్టి బేస్‌మెంట్‌లో వేరే తొట్టిలో పడేశాడు.

మర్నాడే దొరసాని గుమ్మంలోకి వచ్చి నిలబడి, గాజు మీద వేలు పెట్టినవాడి మీదకల్లా లంఘించింది. లైల్ ముఖం వెలిగిపోయింది.

"పెట్టేసింది. గుడ్లు పెట్టేసింది. కాపలా కాస్తోంది చూడు."

తరిమేవాడు పోయాక ఎవడికైనా ధైర్యం వస్తుంది. ఆ మాటా నేననలేదు.

ఇక ఇంట్లో కర్ఫ్యూ. తొట్టి చుట్టూ నా పెళ్ళినాటి దుప్పటి దింపేశాడు. బాలింతను కదపకూడదట, బెదరగొడితే తన పిల్లల్ని తనే మింగేస్తుందట. టీవీ లేదు. తలుపులు దబ్బున వేయకూడదు. చెప్పులతో నడవకూడదు. రోజుకి రెండుసార్లు దుప్పటి కింద చెయ్యి దూర్చి, చూడకుండా, పిచికారీతో రొయ్యపిల్లల్ని వదిలేవాడు. నేను దగ్గినా "ష్, బాలింత" అనేవాడు. నేను ఇద్దర్ని కన్నప్పుడు ఈయన వరండాలో నిలబడి హాకీ స్కోరు అడిగినవాడు.

ఒక సాయంత్రం తట్టుకోలేక కోటు, టోపీ వేసుకుని గ్యారేజీకి వెళ్ళాను. ఆకుల సంచులు పక్కకి జరిపి, వేళ్ళ కొసలు లేని చేతితొడుగులతో కూర్చుని మెల్లగా ఒక కీర్తన మొదలుపెట్టాను. పియానో మెట్లు చలికి బిగుసుకుపోయి ఒక్కోటీ ఆలస్యంగా పలికాయి. కుడిచేతి వైపు గరగరమని ఏదో చప్పుడైంది. సంచిలో ఆకులు కదిలాయనుకున్నాను. ఇంతలో గోడకి అవతల నుంచి మూడు తట్లు. తలుపు సందులోంచి లైల్ తల కనిపించింది.

"గోడలోంచి అదురు వెళ్తోంది మార్లిస్. బాలింత బెదురుతుంది."

ఏడుపొచ్చింది. కోపం కన్నా ముందు ఏడుపే వచ్చింది. మూత దించి లోపలికి వచ్చేశాను. ఇంకెంత, ఫిబ్రవరే కదా అనుకుని మళ్ళీ ఆ వైపు పోలేదు.

ఫిబ్రవరి రానే వచ్చింది. సంఘమంతా బూట్లు గుమ్మంలో విడిచి, ఉన్ని మేజోళ్ళతో పిల్లుల్లా నడుచుకుంటూ భోజనాల గదిలోకి వచ్చింది. లైల్ టై కట్టుకున్నాడు. గేలెన్ టార్చితో ముందు వరసలో, ఆర్డిస్ బార్‌ల పళ్ళెం పక్కన. లైల్ చిన్న ఉపన్యాసం ఇచ్చి, "ఆమె ఇన్నాళ్ళూ మనిషి ముఖం చూడలేదు, మెల్లగా ఊపిరి తీసుకోండి," అని దుప్పటి లాగాడు.

దొరసాని తొట్టి నడిమధ్యలో నిలబడి ఉంది. వీపు మీద రెక్క దువ్వెనలా నిక్కి, తోకలో రెండు ఎర్రటి మచ్చలు, ఒళ్ళంతా నీలం. అద్దంలాంటి గాజులో తన నీడ కనిపించగానే పెదాలు చాచి, చొక్కా చేతులు మడిచిన బారు రౌడీలా ఎగబడ్డాడు.

అందరి కళ్ళూ దాని మీదే. లైల్ మాత్రం తొట్టిని కాకుండా జనాన్ని చూస్తూ చిరునవ్వుతో నిలబడ్డాడు.

"నాచు భలే పచ్చగా ఉంది," అన్నారెవరో.

"మోడు మంచిది దొరికింది."

"ఆకులు బాగా నానాయి."

గేలెన్ బోర్లా పడుకుని టార్చి వేశాడు. మోడు కింద, మొక్కల మధ్య, కొబ్బరిచిప్ప లోపల. చాలాసేపు వెతికాడు. లేచి మోకాళ్ళు దులుపుకున్నాడు.

"కొత్తగా ఉంది," అన్నాడు.

"పిల్లలు నాచులో ఉంటాయి," అన్నాడు లైల్. "జనాన్ని చూసి సిగ్గుపడతాయి."

గేలెన్ నా వైపు చూశాడు, లైల్ టై వైపు చూశాడు, మెడ గోక్కున్నాడు. "ఉండొచ్చు. లేవని నేనెలా అంటాను? ఇంత శ్రద్ధగా పెంచావు కదా. ఉన్నాయనే అనుకుందాం."

అందరూ హమ్మయ్య అన్నట్టు తలలూపారు. ఒకామె చప్పట్లకి చేతులు కూడా ఎత్తింది. నా పియానో నా కళ్ళముందే, పదిమంది మంచివాళ్ళ మర్యాద కింద పడి నలిగిపోతోంది. ఎవరూ చెప్పరు. చచ్చినా చెప్పరు.

"అది మగది," అన్నాను.

ఎవరి చేతిలోదో చెంచా పడింది.

"అది మగది లైల్. బేస్‌మెంట్‌లోదీ మగదే. డిసెంబరు నుంచి నువ్వు ఇద్దరు మగాళ్ళకి మంచు కాచి పోస్తున్నావు. ఒకసారి ఇటు తిరిగి చూడు."

లైల్ తిరిగాడు. వంగి చూశాడు. అతని మెడ వెనక ఎరుపు మెల్లగా చెవుల దాకా పాకింది. గెలిచానని పొంగిపోతాననుకున్నాను. పొంగాను కూడా, కానీ ఆ వంగిన వీపు చూస్తే జాలేసింది, జాలేసినందుకు ఇంకా ఒళ్ళు మండింది.

"నీకెప్పుడు తెలుసు?"

"నవంబరులో."

"చెప్పలేదే."

"దుప్పటి తీయలేదే నువ్వు."

ఆర్డిస్ బార్ ముక్కని చాలా శ్రద్ధగా నములుతోంది.

లైల్ టై వదులు చేసుకున్నాడు. ఒక విషయం ఒప్పుకోవాలి, మాట తప్పలేదు. "ఇంతమందిమి ఉన్నాం, పియానో ఇప్పుడే తెచ్చేద్దాం," అన్నాడు. తప్పించుకోవడానికి ఒక పని దొరికిందని అందరూ బూట్లు తొడుక్కుని గ్యారేజీలోకి పరుగు తీశారు.

ఆకుల సంచులు దించారు. ఒకదాని అడుగున పెద్ద చిల్లి ఉంది. పైమూత నేనే ఎత్తాను. గేలెన్ అలవాటు కొద్దీ టార్చి వేశాడు.

కుడి చివర, సన్న స్వరాలు పలికే చోట, తీగల్ని కొట్టే సుత్తులకి ఉన్ని లేదు. ఒక్కదానికీ లేదు, ఉత్త కర్రపుల్లలు. ఆ ఉన్నంతా ఓక్ ఆకులతో కలిపి గుండ్రంగా గూడు అల్లి ఉంది. గూడులో గులాబీ రంగు ఎలుకపిల్లలు, ఇంకా కళ్ళు తెరవనివి. వెలుగు పడగానే తల్లి చెంగున దూకి గింజల బస్తా వెనక్కి పోయింది. మా ఇంట్లో ఆ చలికాలం సక్రమంగా సాగిన కాపురం అదొక్కటే.

"పిల్లలున్నాయి," అన్నాడు గేలెన్ తనకి తెలియకుండానే. "ఇక్కడైతే సాక్ష్యం చెప్పగలను."

లైల్ గూడు వైపు చూసి, "అయ్యో, బాలింతను కద..." అని, నా ముఖం చూసి, మిగతాది మింగేశాడు.

ఆ మూత తీసి అతని నెత్తిన వేద్దామనిపించింది. మా అమ్మ వేళ్ళు అరిగేదాకా వాయించిన స్వరాలవి. నవంబరులోనే నేను నోరు విప్పి ఉంటే అవి ఇంట్లో వెచ్చగా ఉండేవి. ఆ సంగతి ఎవరూ అనలేదు, మా వాళ్ళు అనరు కూడా. నేను గిరుక్కున తిరిగి లోపలికి వెళ్ళి, మోచేతి దాకా ఆ టీ నీళ్ళలో ముంచి, కొబ్బరిచిప్ప పెరికాను. దొరసాని వచ్చి నా బొటనవేలు కొరికాడు. పెళ్ళినాటి దుప్పటితోనే చిప్పని తుడిచి, గ్యారేజీకి తెచ్చి, గూడుని పిల్లలతో సహా అందులోకి ఎత్తి, గింజల బస్తా పక్కన పెట్టాను. పురిటిగది అన్నాడు కదా, పురిటిగదే అయింది.

తర్వాత అందరూ కలిసి పియానోని లోపలికి మోశారు. గోడ ఖాళీ కావాలంటే ముందు తొట్టి దించాలి కాబట్టి, చేపల సంఘం ప్రెసిడెంటు ఆ సాయంత్రమంతా బక్కెట్లతో నీళ్ళు తోడాడు. ఇప్పుడు దొరా దొరసానీ బేస్‌మెంట్‌లో పక్కపక్క తొట్లలో ఉండి, గాజుకి అటూ ఇటూ రోజంతా కొట్లాడుకుంటున్నారు. ఇద్దరూ మంచి నిగారింపు మీద ఉన్నారు.

పియానో బాగుచేసేవాడు మంచు కరిగాక వస్తానన్నాడు. అందాకా నేను కీర్తన వాయిస్తుంటే కుడిచేతి చివర వేళ్ళు పడ్డప్పుడల్లా టకటకమని కర్ర చప్పుడు తప్ప ఏమీ రాదు. అందుకని లైల్‌కి శిక్ష వేశాను. పక్కనే నిలబడాలి, ఎలుక తిన్న స్వరం వచ్చినప్పుడల్లా దాన్ని తనే పాడాలి. ఎక్కడెక్కడ రావాలో కంఠతా పట్టాడు. గొంతు మాత్రం శ్రుతిలో నిలవదు.

మొన్న ఆదివారం ఆర్డిస్ కాఫీకి వచ్చి, కళ్ళు మూసుకుని కీర్తన మొత్తం విన్నది. లైల్ చివరి పై స్వరాన్ని మడమలెత్తి అందుకున్నాడు, అది అందలేదు. ఆమె కప్పు కింద పెట్టింది.

"కొత్తగా ఉంది," అంది.

లైల్ సంతోషంగా తల వంచి థాంక్స్ చెప్పాడు. నేను ఇంకో చరణం మొదలుపెట్టాను.